గుర్రం బెదరలేదు

ఆ రోజు గుర్రం బెదరలేదు. లారీ హారన్‌కు బెదిరిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట మొదట అన్నది నేను. గుర్రాన్ని కొట్టిందీ నేనే. ఆ సంగతి మాత్రం మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

జహీరాబాద్‌లో పెళ్లి బరాత్‌లకు గుర్రం తెచ్చే మనిషిని అందరం చాచా అనేవాళ్లం. ఆయన తండ్రి జాగీర్దారు దగ్గర సవారు, అంటే గుర్రం మీద తిరిగే కాపలా సిపాయి. జాగీర్లు పోయాక ఆ ఇంటికి మిగిలింది గుర్రాన్ని మచ్చిక చేసే పని ఒక్కటే. డెబ్బయిల్లో, నా చిన్నప్పుడు, మా చిన్నాన్న పెళ్లికి నన్ను తోడు పెళ్లికొడుకుగా చాచా గుర్రం మీద చిన్నాన్న ముందు కూర్చోబెట్టారు. అంత ఎత్తు నుంచి కిందికి చూసి ఏడుపు అందుకున్నాను. చాచా ఒక చేత్తో కళ్లెం పట్టుకుని, ఇంకో చేత్తో నా మడమ పట్టుకున్నాడు.

"నా గుర్రం పడది, నువ్వు పడవు. నువ్వు ఏడిస్తే పెండ్లికొడుకు గుడ ఏడుస్తడు, సూడు" అన్నాడు.

పెళ్లి పందిరి దాకా ఆ మడమ వదల్లేదు.

ఎనభైల చివర్లో నేను ఇంటర్ తప్పి, బస్టాండు ఎదురుగా మా మేనమామ పెట్టిన వీడియో క్యాసెట్ల షాపులో కూర్చునేవాణ్ణి. బొంబాయి నుంచి వచ్చే ఒక లారీలో మామ పాత వీడియో గేమ్ మిషన్ తెప్పించాడు. నిలువెత్తు పెట్టె, అందులో టీవీ, కింద ఒక కడ్డీ, రెండు బటన్లు. కత్తి పట్టుకున్న వీరుడు కోటలోకి వెళ్లాలి. కోట చుట్టూ గుర్రాల మీద సిపాయిలు కాపలా తిరుగుతుంటారు. వాళ్ల ఈటెలు పొడుగు, మన కత్తి పొట్టి. ఎవరు ఆడినా మొదటి దర్వాజా దగ్గరే చచ్చిపోయేవాళ్లు.

దాని కిటుకు కనిపెట్టింది నేను. సిపాయి ఈటె పైకెత్తే క్షణంలో కిందికి వంగి గుర్రం ముందరి కాలి మీద కొట్టాలి. గుర్రం మోకాళ్ల మీద కూలబడేది, సిపాయి ఎగిరి పడేవాడు. తర్వాత ఇద్దరూ మాయం. నేల మళ్లీ శుభ్రంగా ఉండేది. ఆ దెబ్బ నేర్చుకోవడానికి కోహీర్ నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వచ్చేవాళ్లు. పరీక్ష తప్పినవాడికి ఆ పేరు చిన్నది కాదు.

పెళ్లిళ్లు లేని రోజుల్లో చాచా కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"సలాం చిన్న పటేలా. ఇయ్యాల ఎందర్ని సంపినవ్?"

"అందరు నీ తరఫోళ్లే చాచా. మస్తుమందిని."

"సంపు, సంపు. మా అబ్బ ఉంటే ముందుగాల నిన్నే పట్టి లోపలేస్తుండె."

అందరం నవ్వేవాళ్లం. ఆయన మాత్రం సిపాయిల పక్షమే. "అరే, ఈటె ఎత్తకుర, వాడు కిందికెల్లి కొడ్తడు!" అని టీవీని హెచ్చరించేవాడు. గుర్రం కూలినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేవాడు. ఒకసారి అడిగాడు.

"కొట్లాట సిపాయితోని గద. గుర్రమేం జేసింది?"

"గట్ల కొడ్తెనే గెలుస్తం చాచా."

"గిదొక గెలుసుడా?" అంటూ బీడీ ముట్టించుకుని బయటికి నడిచాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు.

ఆ మాఘమాసంలో మామ పెద్దకొడుకు పెళ్లి. అతను నాకు బావ. ఎదుర్కోలు అయ్యాక పొద్దు వాలుతుండగా బరాత్ హైవే అంచున బయలుదేరింది. గుర్రం మీద బావ, అతని ముందు తోడు పెళ్లికొడుకుగా మా అక్క కొడుకు. వాడికి అప్పటికింకా బడి ఈడు రాలేదు. చాచా కళ్లెం పట్టుకుని గుర్రానికి ఎడమ పక్క నడుస్తున్నాడు.

బరాత్‌లో బావను ఆపి ఆటపట్టించడం మా దగ్గర బావమరుదుల హక్కు. రోడ్డు పక్కన చెరకు బండ్లు నిలబడి ఉన్నాయి. నేనూ నా దోస్తులూ తలా ఒక గడ పీక్కుని గుర్రానికి అడ్డం తిరిగాం. బావకు కూడా ఆ ఆట తెలుసు.

"రార! కోటలకు ఎట్ల వస్తవో సూస్త!" అని అరిచాడు.

"దూరం ఉండున్రి. ఆడుకునేదుంటె ఎనుకకు పోయి ఆడుకోన్రి" అని చాచా కసిరాడు.

మేం కొంచెం కల్లు తాగి ఉన్నాం. అయినా నేరం కల్లు మీదికి తోయను. ఏం చేస్తున్నానో నాకు తెలుసు. బావ చేతిలోని పెళ్లి కటారును నెత్తి మీదికెత్తాడు, అచ్చం ఆటలో సిపాయి ఈటె ఎత్తినట్టు. నేను గుర్రం కుడి పక్కకు ఒరిగి, వంగి, ముందరి కాలి మీద బలంకొద్దీ కొట్టాను. గడ విరిగిపోయింది. సరిగ్గా అప్పుడే హైవే మీద ఒక లారీ హారన్ కొట్టింది.

గుర్రం మోకాళ్ల మీద పడింది. పిల్లవాడు మెడ మీదుగా జారి తలకిందులుగా వస్తున్నాడు. చాచా కళ్లెం వదిలేసి రెండు చేతులతో వాణ్ణి పట్టుకున్నాడు. కళ్లెం వదలకపోతే గుర్రాన్ని నిలబెట్టేవాడేమో. వదిలాడు కాబట్టి వాడి తల రోడ్డుకు తగల్లేదు. పట్టు లేని గుర్రం లేవబోయి, తిరగబడి, బావతో సహా పక్క గుంతలోకి ఒరిగింది. బావ చెయ్యి విరిగింది. గుర్రం కాలు విరిగింది. ఆ కాలు నా దెబ్బకు విరిగిందో గుంతలో పడి విరిగిందో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదని చాలా ఏళ్లు అనుకున్నాను.

మామ ఉరికి వచ్చి చాచా చెంప మీద కొట్టాడు. "కళ్లెం ఎందుకు ఇడిసినవ్‌ర?"

చాచా చంకలో పిల్లవాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. "పటేలా, నా గుర్రం బెదురది. ఎవరో కాలు మీద కొట్టిన్రు" అని నా వైపు తిరిగాడు. గుర్రం మెడ అడ్డం ఉండి, కొట్టింది ఎవరో ఆయనకు కనిపించలేదు. అందుకే నన్నే అడిగాడు. "బేటా, నువ్వు ముంగట్నే ఉంటివి. నువ్వు సూసి ఉంటవ్. జెప్పు."

మా అందరి చేతుల్లోనూ చెరకు గడలే. నా చేతిలో ఉన్నది సగం ముక్క.

"లారీ హారన్‌కు బెదిరింది చాచా" అన్నాను.

"ఇన్నవా?" అన్నాడు మామ.

చాచా పిల్లవాణ్ణి అక్కకు అందించి గుంతలోకి దిగాడు.

చేతికి కట్టు కట్టించుకుని వచ్చి బావ తాళి కట్టాడు. నేను బంతిలో పప్పు వడ్డించాను. మర్నాడు విస్తళ్లు పారేయడానికి వెళ్లినప్పుడు ఆ గుంత వైపు చూశాను. పశువుల దవాఖాన వాళ్లు సూదిమందు ఇచ్చి అప్పుడే వెళ్లిపోయారట. గుర్రం మీద గోనెసంచులు కప్పి ఉన్నాయి. మెడలో బంతిపూల దండ అలాగే ఉంది. చాచా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను విస్తళ్లు దూరం నుంచే విసిరేసి వచ్చాను.

పెళ్లికొడుకును పడేసిన గుర్రపాయనను మా వైపు మళ్లీ ఎవరూ పిలవరు. అది అపశకునం. చాచా ఇంకో గుర్రాన్ని తెచ్చి మచ్చిక చేశాడు గానీ, "ఆయన వద్దు, నడుమ కళ్లెం ఇడుస్తడు" అని జనం బీదర్ నుంచి గుర్రాలు పిలిపించుకోవడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు ఆయన గుర్రాన్ని అమ్మేసి చిరాగ్‌పల్లి వెళ్లిపోయాడు. ఎవరిదో అల్లం చేనుకు కావలి ఉంటున్నాడని విన్నాను.

ఆ తర్వాత నేను ఆ ఆట మానేశానని రాయగలిగితే బాగుండేది. మానలేదు. మిషన్ పాడయ్యేదాకా ఆడాను. కాళ్ల మీదే కొట్టాను. గుమ్మంలో నిలబడి సిపాయిలను హెచ్చరించే మనిషి మాత్రం లేడు.

ఇన్నేళ్లకు మొన్న ఆ బావ కొడుకు పెళ్లయింది. పెళ్లికొడుకు కారులో వచ్చాడు. భోజనాల దగ్గర మామ పాత కథ ఎత్తుకున్నాడు. బావ వంకర చెయ్యి చూపించి అందరినీ నవ్వించాడు. మా అక్క కొడుకు తన కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నన్ను గుడ పడేసిండమ్మ గా గుర్రపాయన" అన్నాడు.

వాడు బతికి ఉన్నది ఆ గుర్రపాయన చేతుల వల్ల. ఆ సంగతి చాచా కాక భూమ్మీద నాకొక్కడికే తెలుసు. చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాను. ఆ విస్తరి ముందే అంతా చెప్పేశాను.

బావ వంకర చెయ్యి దించుకున్నాడు. ఆ తర్వాత మామ, "ఎప్పటి ముచ్చటర అది. గిప్పుడెందుకు తోడుతున్నవ్?" అన్నాడు. అక్క కొడుకు మాత్రం, "ఆయన ఉన్నడా మామా?" అని నన్ను ఒక్కటే అడిగాడు. మర్నాడు వాడే బండి తీశాడు.

చాచా ఉన్నాడు. చిరాగ్‌పల్లిలో హైవే పక్కన అల్లుడి చాయ్ హోటల్ ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా ఎండిపోయాడు. నన్ను చూసి కొంతసేపు ఆలోచించి, "చిన్న పటేలా?" అన్నాడు. అక్క కొడుకు నా వెనక నిలబడ్డాడు. నేను మంచం పక్కన కూర్చుని, ఆయన చెవి దగ్గరగా, మెల్లగా చెప్పాను. బెంచీల మీద చాయ్ తాగుతున్న వాళ్లకు వినబడకుండా చెప్పాను. వాళ్లలో మా ఊరి వాళ్లూ ఉన్నారు.

ఆయన అంతా విన్నాడు. నా వైపు చూడలేదు. బెంచీల వైపు చూశాడు.

"లారీలు పోతున్నయ్, ఇనొస్తలేదు. జర గట్టిగ జెప్పు" అన్నాడు.

అప్పుడు రోడ్డు మీద లారీ ఒక్కటీ లేదు. నేను లేచి నిలబడ్డాను. చాయ్ గ్లాసులు ఆగిపోయాయి.

"చాచా, నీ గుర్రం బెదరలె. నేను కాలు మీద కొట్టిన. నువ్వు కళ్లెం ఇడిసింది ఈ పోరన్ని పట్టుకునెటందుకు. నేను సూసిన. సూసి అబద్ధం జెప్పిన. తప్పు నాది. నన్ను మాఫ్ జెయ్యి."