గంట ఎనిమిదోసారి మోగినప్పుడు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదని అందరూ అంటారు, ఆ తర్వాత తాపీగా దెయ్యం కథ మొదలుపెడతారు. నేను అలా మొదలుపెట్టను. మా ఇల్లు చర్చి సమాధుల గోడకు ఆనుకుని ఉండేది. చిన్నప్పుడు ఆ సమాధుల మీదే గచ్చకాయలాడుకున్నాం, మా అమ్మ వడియాలు కూడా వాటి మీదే ఎండబెట్టేది. పెద్దయ్యాక జూలూరుపాడు దగ్గర సర్కారు బడిలో సైన్సు చెప్పాను. దేవుడున్నాడని నమ్ముతాను. అంతకు మించి చీకట్లో ఇంకేదో ఉందంటే మాత్రం నవ్వేదాన్ని.

నేను చెప్పబోయేది కూడా చీకట్లో జరగలేదు. పొద్దున పదింటికి, మనుషులతో కిటకిటలాడుతున్న దవాఖానాలో జరిగింది.

ముందు మా చర్చి గురించి చెప్పాలి. మా ఊరు బూర్గంపాడు నుంచి అడవి వైపు పోతే వస్తుంది. ఒక ఇంగ్లీషు దొర అక్కడికి వచ్చి, తన సొంతూరి చర్చి ఎలా ఉండేదో అచ్చం అలాగే కట్టించాడు. మందపాటి గోడలు, ఏటవాలు పెంకుల కప్పు, ఒక మూలకు చిన్న గోపురం. అది మంచు కురిసే దేశానికి తగిన కట్టడం. మా ఎండలకు ఆ సన్నటి కిటికీలేమిటో! ఆరాధన అయ్యేసరికి లోపలున్న వాళ్ళం కుడుముల్లా ఉడికిపోయేవాళ్ళం. గోపురంలోని గంట కూడా దొర ఊరిదే. అక్కడ కొత్త గంట పెట్టుకుని, పాతదాన్ని ఓడలో మాకు పంపారట. దాని గొంతు కాస్త బొంగురు. మోత చివర్లో సన్నగా వణికేది.

గంటతో పాటు ఆ ఊరి ఆచారం ఒకటి మాకు వచ్చింది. సంఘంలో ఎవరైనా చనిపోతే, వాళ్ళకి ఎన్నేళ్ళుంటే అన్నిసార్లు గంట కొట్టాలి. పొలాల్లో ఉన్నవాళ్ళు, అడవిలో తునికాకు కోసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగి లెక్కపెట్టేవారు. ఎనభై దాటితే నిండు బతుకు అనుకుని మళ్ళీ పనిలో పడేవాళ్ళు. పది లోపే ఆగిపోతే ఎవరికీ ఇక చేతులాడేవి కావు.

ఆ గంట కొట్టేది మా నాన్న. చనిపోయినవాళ్ళ గడప ముందు నిలబడి వయసు అడిగేవాడు. ఇంట్లోవాళ్ళు చూస్తుండగా అన్ని ఇప్పగింజలు లెక్కపెట్టి తువ్వాలులో మూటగట్టుకునేవాడు. ఒక్కో దెబ్బకి ఒక్కో గింజ కింద పడేసేవాడు. ఏడుస్తున్నవాళ్ళని పట్టుకుని ఆ అడగడమేమిటని మా అమ్మ విసుక్కునేది. నాన్న వినేవాడు కాదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"గంట కొట్టుడు ఎవలైన కొడ్తరు బిడ్డా. లెక్క తప్పకుండుడే పని" అనేవాడు నాతో. "మనిషి బతికిన యేండ్లల్ల ఒక్కటి గూడ మనం దొంగిలియ్యొద్దు."

అంత పట్టింపున్న మనిషికి తన వయసు తనకి తెలియదు. రేషన్ కార్డులో ఏదుంటే అదే. "ఊరందరి లెక్క నేను కొట్టిన. నా లెక్క ఎవలు కొడ్తరో, ఏమని కొడ్తరో" అని నవ్వేవాడు.

సెల్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వానాకాలంలో నాలుగు రోజులు సెలవు పెట్టి మా పాప రూతును తీసుకుని ఊరికి వెళ్ళాను. దానికప్పుడు ఏడేళ్ళు. గోపురంలో దూలానికి చెదలు పట్టిందని గంటను కిందికి దించారు. చర్చి వసారాలో ఇసుక బస్తాల మీద కూర్చోబెట్టి పైన పట్టా కప్పారు. లోపల కొట్టుకునే ఇనుప గుండు అరిగిపోయిందని బూర్గంపాడులో కమ్మరి దగ్గరికి పంపారు. ఇదంతా నా కళ్ళతో చూశాను. గుండు లేని గంటలో తల పెట్టి రూతు కూతలు పెడుతుంటే నాన్న మురిసిపోయాడు.

తిరిగి వచ్చిన వారానికి దానికి జ్వరం వచ్చింది. మూడో రోజుకి తెలివి తప్పింది. ఖమ్మం తీసుకుపోతే మలేరియా మెదడుకెక్కిందన్నారు. మా మన్యంలో పుట్టినవాళ్ళకి ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఊరి సమాధుల్లో పొట్టిగా ఉండేవన్నీ ఆ జ్వరానివే.

దవాఖానాలో చేర్చిన రెండో రోజు పొద్దున మా ఆయన మందులకి కిందికి వెళ్ళాడు. నేను రూతు అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాను. గోడ గడియారం పది చూపిస్తోంది. అప్పుడు గంట మోగింది.

ఏదో గుడి గంటో, బడి గంటో అనుకునే అవకాశమే లేదు. అది మా గంట. ఆ బొంగురు, చివర్లో ఆ వణుకు. మా ఊరు అక్కడికి సగం రోజు ప్రయాణం. గంటేమో ఇసుక బస్తాల మీద ఉంది.

రెండోది మోగింది. మూడోది. నాన్న కొట్టినట్టే, ఒక మోత పూర్తిగా చచ్చాకే ఇంకోటి. నా ప్రమేయం లేకుండానే లెక్కపెడుతున్నాను. అయిదు. ఆరు. పక్క మంచం ఆమెను "గంట వినపడుతోందా" అని అడిగాను.

"ఏం గంట మేడం? నాకేం ఇనవడ్తలేదు" అంది.

ఏడు.

ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. పాప పాదాలు రెండూ పట్టుకుని, ఆగొద్దు, ఆగొద్దు అని గంటను బతిమాలుకున్నాను. అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ ఎరగను.

ఎనిమిది మోగింది.

"స్తోత్రం ప్రభువా" అన్నాను, వార్డంతా వినేలా. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గంట ఆగలేదు. మందుల చీటీ వెనక గీతలు పెట్టుకుంటూ పోయాను. బడిలో పిల్లలకి నేర్పినట్టు, నాలుగు నిలువు గీతలు, మీద అడ్డంగా ఒకటి. చివరికి మోత ఆగాక లెక్క చూసుకుంటే అరవై ఏడు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది.

మధ్యాహ్నానికి రూతు కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. సాయంత్రం మా ఆయన ఫోనుకు తమ్ముడు చేశాడు.

"అక్కా, నాయిన పోయిండు. పొద్దుగాల పదింటికి. పిల్లకెట్లున్నదట అని అడిగిండు, గోడకు ఒరిగిండు. గంతే."

మర్నాడు పాపను మా ఆయన దగ్గర వదిలి ఊరికి వెళ్ళాను. నేను వచ్చేదాకా సమాధి చేయకుండా ఆపారు. వసారాలో గంట పట్టా కిందే ఉంది. పట్టా ఎత్తి చూశాను, లోపల గుండు లేదు. గంట లేదు కాబట్టి రైలు పట్టా ముక్కను చెట్టుకు వేలాడదీసి కొట్టామన్నారు.

"ఎన్ని కొట్టిండ్రు?" అని తమ్ముణ్ణి అడిగాను.

"అరవై రెండు. రేషన్ కార్డు చూసే కొట్టినం."

నిజం చెబుతున్నాను, ఆ మాటకి నా ప్రాణం కుదుటపడింది. నేను విన్నది అరవై ఏడు. కాబట్టి అది నాన్న గంట కాదు. నిద్రలేని తల్లి బుర్ర పాప ఏడేళ్ళ దగ్గర ఆగలేక ముందుకు పరిగెత్తింది, అంతే. సైన్సు టీచర్ని, నాకు నేనే పాఠం చెప్పుకున్నాను.

తర్వాత రెండేళ్ళకి చర్చికి డెబ్బయి అయిదేళ్ళు నిండాయి. చరిత్ర పుస్తకం రాయమని నాకు పురమాయించారు. ఖమ్మంలో సంఘం ఆఫీసు బీరువాలోంచి దొర చేత్తో రాసిన బాప్తిస్మాల రిజిస్టరు తీసిచ్చారు. నేను పుట్టకముందే అది ఊరు దాటిపోయింది. మా ఇంట్లో ఎవరమూ దాన్ని చూడలేదు.

మొదటి కొన్ని పేజీల్లో దొర తన ఊరి గురించి రాసుకున్నాడు. వాగు పక్కన నలభై ఇళ్ళు, రాతి చర్చి, గొర్రెలు మేసే దిబ్బలు. వాళ్ళ నాన్న కూడా ఆ చర్చిలో గంట కొట్టేవాడేనట. అది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరిస్తే కింద ఇంకో మాట ఉంది. ఇంట్లోవాళ్ళు చెప్పిన వయసు నమ్మకూడదు, దుఃఖంలో ఉన్నవాళ్ళు తప్పు చెబుతారు, తమ ఊళ్ళో రిజిస్టరు తెరిచి చూడనిదే ఎవరూ గంట తాడు ముట్టుకోరు అని. మేము గంట నిలుపుకున్నాం, రిజిస్టరు సంగతే మరిచిపోయాం.

పేజీలు తిప్పుతుంటే నాన్న పేరు కనపడింది. కింద మా తాత పేరు, నాయనమ్మ పేరు. పుట్టిన తేదీ. వేళ్ళ మీద లెక్కేశాను, కాగితం మీద వేశాను, మా ఆయన చేత వేయించాను. పోయేనాటికి నాన్నకి అరవై ఏడేళ్ళు నిండాయి. బడిలో వేసేటప్పుడు పంతులు అయిదేళ్ళు తగ్గించి రాసి ఉంటాడు, అదే రేషన్ కార్డుకీ ఎక్కి ఉంటుంది. అప్పట్లో అందరికీ అలాగే రాసేవారు.

నాకు తెలియదు. నాన్నకీ తెలియదు. ఊళ్ళో తెలిసినవాళ్ళు ఒక్కరూ బతికి లేరు. మరి ఆ పొద్దున రిజిస్టరు తెరిచి చూసిందెవరు?

చరిత్ర పుస్తకంలో నాన్న వయసు దిద్ది రాశాను. ఈ సంగతి మాత్రం రాయలేదు. రూతుకి కూడా చెప్పలేదు, ఇప్పుడు చదివితే చదవనీ. గంట ఎలా మోగిందన్న ప్రశ్నతో నేను బతకగలను. ఆ ఎనిమిదో దెబ్బే నన్ను వదలడం లేదు. అక్కడ మా నాన్న గోడకు ఒరుగుతున్నాడు, ఇక్కడ నేను నా బతుకులో ఎన్నడూ చెప్పనంత గట్టిగా దేవుడికి స్తోత్రం చెప్పాను.