ఈజ్ అని రాయడానికి చెయ్యి రాలేదు

నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు కూడా తప్పుతాను. చదివేవారు మన్నించాలి. బంగారు గనుల ఊరు కోరమండల్‌లో మా పక్కింటి ఇంగ్లీషు మేష్టరు పోయిన వారం కన్నుమూశారు. నిద్రలోనే పోయారు. ఆయన గురించి కొంచెం రాద్దామని కూర్చున్నాను. రెండు మాటలకే అలుపు వస్తోంది.

మాది రాయల్పాడు వైపు పల్లె. చిన్న తరగతుల దాకా తెలుగు చదివాను, అంతే. గనులు సర్కారువి అయ్యాక ఇక్కడికి వచ్చి లోపల పనికి దిగాను. కొన్నేళ్లకు ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరింది. మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు పైన, కూలీలకు దీపాలిచ్చే గదిలో ఒక పని ఖాళీ అయింది. దానికి రోజూ ఇంగ్లీషులో కొన్ని వాక్యాలు రాయాలి. ఏ దీపం చెడింది, ఎవరు దిగారు, ఎవరు ఎక్కి వచ్చారు. అది చేతకాకపోతే మళ్లీ లోపలికే. లోపలికే పోతుంటే ఎక్కువ కాలం బతకనని నా భార్యకు తెలుసు. ఆమే వెళ్లి మేష్టరును అడిగింది. నాకు అడగడానికి సిగ్గు.

బడి నుంచి వచ్చేసరికి ఆయనకూ ఓపిక ఉండేది కాదు. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని చెప్పేవారు. నేను షిఫ్టు దిగి వచ్చి వింటూనే తూగేవాణ్ణి. ఒక్కోసారి ఇద్దరమూ తూగేవాళ్లం. మేష్టరుగారి ఇల్లాలు గిన్నె చప్పుడు చేసి లేపేది.

"వాక్యానికి చుక్క యాడ పెట్టాలో తెలీలేదు సార్" అన్నాను ఒకసారి.

"రాసింది గట్టిగా చదువు. ఆయాసమొచ్చిన తావ పెట్టు."

"అట్లయితే మాటమాటకీ చుక్కే సార్."

"పెట్టప్పా. నీకూ సుఖం, చదివేవానికీ సుఖం."

చుక్కలు వచ్చాయి. ఈజ్, ఆర్ దగ్గర చిక్కుకుపోయాను. ఒకరైతే ఈజ్, ఎక్కువమందైతే ఆర్. నోటికి వచ్చు. కానీ పెద్దవాళ్లను ఒక్కరిలా ఎట్లా రాయడం? మనం 'సార్ వచ్చినారు' అంటాం గాని 'వచ్చినాడు' అనం కదా. ఆ పనికి పెట్టిన పరీక్ష రోజు ఆఫీసరు ఎదురుగా కూర్చుని, కంటికి కనిపించింది రాయమన్నారు. 'సార్ ఆర్ సిట్టింగ్' అని రాశాను. ఆయన గదంతా వెతికినట్టు చూసి, "ఇంగో సార్ యాడున్నాడప్పా?" అన్నారు. అందరూ నవ్వారు. వచ్చే నెల రమ్మన్నారు.

ఆ నెలంతా దగ్గుకుంటూ లోపలికే దిగాను. మేష్టరు తిట్టలేదు. పీట నాకిచ్చి తాను కింద కూర్చున్నారు.

"ఇంగ నన్ను రాయి. నన్ను ఈజ్ అని రాస్తే ఎవర్నైనా రాస్తావు."

"చెయ్యి రాదు సార్."

"మర్యాద నీ కడుపులో ఉండాది లేప్పా. ఇంగ్లీషులో దాన్ని పెట్టేదానికి తావు లేదు, ఏం చేస్తాం. రాయి."

రాశాను. మై టీచర్ ఈజ్ టయర్డ్. మై టీచర్ ఈజ్ ఈటింగ్ సంగటి. మై టీచర్ ఈజ్ స్లీపింగ్. చివరిది రాసేసరికి ఆయన నిజంగానే నిద్రపోయి ఉన్నారు. నేను లేపలేదు.

రెండోసారి నెగ్గాను. గనులు మూసేదాకా ఆ దీపాల గదిలోనే చేశాను. ఈ పొద్దు ఊపిరి ఉందంటే ఆ ఈజ్ వల్లే.

మేష్టరు పోయిన పొద్దున ఆయన ఇల్లాలు నల్లబల్లను వాకిట్లో ఆనించి, చాక్‌పీసు నా చేతికిచ్చింది. మా కూలీల ఇళ్ల లైన్లో తమిళంవాళ్లూ కన్నడంవాళ్లూ ఉన్నారు, అందరికీ తెలిసేలా ఇంగ్లీషులో రాయమంది. ఇట్లాంటప్పుడు 'అవర్ టీచర్ ఈజ్ నో మోర్' అని రాస్తారు. లేరని చెప్పడానికి కూడా ఈజే కావాలి. ఎన్నోసార్లు రాసిన మాటే. చెయ్యి రాలేదు. ఆర్ అని రాశాను.

ఇన్నేళ్లు వంటింట్లోంచి పాఠాలు విన్న మనిషి ఆమె. చూసి, "తప్పు కదప్పా" అంది. తుడవబోయి చెయ్యి దించుకుంది. "ఉండనీలే. మీ సార్ చూసింటే మళ్లా కూర్చోబెట్టి రాయించుంటారు."

బల్ల ఇంకా అక్కడే ఉంది. చివర చుక్క పెట్టలేదు. ఆయాసం వచ్చింది, అయినా పెట్టలేదు. చదివినవారిలో ఇంగ్లీషు బాగా తెలిసినవారు ఉంటే, ఒక్క మనిషికి ఆర్ రాసే దారి ఏదైనా ఉందేమో త్వరగా ఒక ముక్క రాయండి. రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. వానకు రాత చెరిగిపోకుండా ఆమె బల్ల మీద గోనెపట్ట కప్పింది.