పాతది తీసెయ్ అన్న సారు

సారు పోయారని నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. తాండూరులో నా దుకాణంలో ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తుంటే, వికారాబాద్ కాలేజీలో నాతో చదివినవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో కనిపించింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఫోటోలో సారు నవ్వుతున్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాతో తేల్చుకోవాల్సింది మిగిలుండగా ఇలా ఎలా వెళ్లిపోతారు అనిపించింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇట్లా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ పొగడ్తలతో మొదలుపెడితే సారే ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేవారు.

ఇంటర్‌లో మాకు ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక ఆయనకు, విండోస్ బదులు కంప్యూటర్‌లో ఉచితంగా వేసుకునే లినక్స్ పిచ్చి పట్టింది. పిచ్చి అన్నది నేను కాదు, సారు భార్య, మా మేడం. ఆదివారం రాగానే వికారాబాద్‌లో రైలెక్కి, తాండూరులో దిగి, బస్టాండు దగ్గరున్న నా డీటీపీ దుకాణానికి వచ్చి కూర్చునేవారు. చొక్కా జేబులో లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఉండేది. అది జారిపోకుండా తెల్లదారంతో గుండీకి కట్టుకునేవారు. దారం ఎందుకు సార్ అని నవ్వితే, "కండ్లద్దాలు పోతే కొనుక్కుంట. గిది పోతే మళ్ల దింపుకోవాలె. మా ఇంట్ల నెట్టు సంగతి నీకేం ఎర్క?" అన్నారు.

అప్పట్లో నా కంప్యూటర్‌లో ఉన్నది ఎవరో కాపీ చేసి వేసిచ్చిన విండోస్. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవుల పుణ్యమా అని వారానికో వైరస్. అది చూసి సారు తల పట్టుకున్నారు.

"దొంగ తాళంచెవితోని ఇల్లు తెరిసి కాపురం చేస్తున్నవ్ రా నువ్వు."

"పని నడుస్తుంది కద సార్."

"నడవనీ. పాతదాన్ని నేను ముట్ట. దాని పక్కన కొత్తదానికి జర జాగ ఇయ్యి, చాలు."

పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీద కంప్యూటర్‌లోని జాగా అంతా ఒక పొడవాటి పట్టీలా వచ్చింది. దాని మధ్యలో గీతను మౌస్‌తో అటూ ఇటూ జరిపి చూపించారు. "గిది గెట్టు. గిటు పాతోడు, గటు కొత్తోడు. ఒకని చేన్ల ఇంకొకడు కాలు పెట్టడు." కందిచేను పంపకాలు చూస్తూ పెరిగినవాణ్ని, ఆ ఒక్కమాటతో నాకు మొత్తం అర్థమైపోయింది. ఫిజిక్స్ కూడా ఇట్లాగే చెప్పేవారు.

ఆ రోజు నుంచి కంప్యూటర్ వేయగానే ఏది కావాలని అడిగేది. దరఖాస్తులు, ప్రింట్లు కొత్తదాంట్లో చేసేవాణ్ని. పెండ్లికార్డులు మాత్రం పాతదాంట్లోనే, ఎందుకంటే నా తెలుగు ఫాంట్లూ, కార్డులు కూర్చే సాఫ్ట్‌వేరూ అందులోనే నడిచేవి. ప్రింటర్ మొదట కొత్తదాని మాట వినలేదు. సారు అన్నం కూడా మానేసి దానితో కుస్తీ పట్టారు. ఎట్టకేలకు కాగితం బయటికి వస్తే దాన్ని మడిచి, మేడంకు చూపిస్తానని జేబులో పెట్టుకున్నారు. ఆ మొహం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

నేను తొందరపడి ఏదైనా నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు. "తెర మీద రాసింది మొత్తం సదువు. అటెన్క నొక్కు. సగం సదివి నొక్కినోనికి నేను జవాబు చెప్ప."

కొన్ని నెలలయ్యాక ఒక ఆదివారం, టీలో బిస్కెట్ ముంచుకుంటూ మామూలుగా అన్నారు.

"ఇగ పాతది తీసెయ్."

"ఎందుకు సార్? ఉండనీయండ్రి పక్కకు."

"అది ఉన్నన్ని దినాలు నువ్వు దీన్ని నమ్మవు. నేను తీసేసి మస్తు దినాలైంది. ఏమైంది నాకు?"

"మరి పెండ్లికార్డులు?"

"ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల పెట్టుకో. ఏమన్న అయితే నేను లేనా?"

నేను ఆయన నేర్పినట్టే తెర మీద రాసింది మొత్తం చదివాను. పాతదంతా పోతుంది, మళ్లీ రాదు అని రాసుంది. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, సారును నమ్మి నొక్కాను.

పెండ్లిళ్ల కాలం వచ్చింది. బషీరాబాద్ దిక్కు నుంచి గొర్రెలు కాసే ఒకాయన, బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. "పోయినేడు మా పెద్దబిడ్డకు చేసినవ్ గదా, చిన్నబిడ్డకు గూడ గదే కార్డు. పిల్ల పేరు, పిలగాని పేరు మారిస్తే చాలు" అన్నాడు. ఫైలు తెరవబోతే అసలు తెరుచుకోలేదు. ఎట్లాగో బలవంతాన తెరిస్తే దేవుడి పేరు నుంచి మేనమామల దాకా అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. ఆయన తెరలోకి తొంగిచూసి, "పోయినేడు చేసింది నువ్వేనా?" అని అడిగాడు.

ఆ పాత సాఫ్ట్‌వేర్ వేసిచ్చినతను ఎప్పుడో ఊరు విడిచి వెళ్లాడు. సారుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. షట్టర్ దించి వికారాబాద్ రైలెక్కాను.

సారు కూరగాయలకు వెళ్లారని చెప్పి మేడం కూర్చోబెట్టారు. ఎదురుగా బల్ల మీద కంప్యూటర్ వేసే ఉంది. తెర మీద పెన్షన్ సైటు తెరిచి ఉంది. దాని చుట్టూ తెర మీద కనిపిస్తున్నదంతా విండోస్.

సంచీ పట్టుకుని లోపలికి వచ్చిన సారు ముందు నన్ను చూశారు, తర్వాత తెరను చూశారు. సంచీ కింద పెట్టడం మర్చిపోయారు.

"తీసేసిన అన్నరు కద సార్?"

"తీసేద్దామనే అనుకున్న రా."

"తీసేసిన అన్నరు."

అప్పుడు సంచీ కింద పెట్టి అన్నారు: "నాకు ధైర్యం సాల్లె. నువ్వైతే చేస్తవని ఎర్క."

మేడం తెచ్చిన టీ తాగకుండానే లేచి వచ్చేశాను. ఆయన లెక్క తప్పడం నాకు సమస్య కాదు, క్లాసులో కూడా తప్పేవారు, నవ్వుతూ తుడిచేసేవారు. కానీ తాను పాతదాన్ని ఉంచుకుని, అది లేనట్టు చెప్పి, నా చేత తుడిపించారు. బషీరాబాద్ కార్డును మేనమామలతో సహా మొదటి నుంచి టైపు చేసి ఇచ్చాను. ఆ వేసవిలో మిగతా కార్డుల పని చాలావరకు పక్క దుకాణానికి వెళ్లిపోయింది. తర్వాత సారు ఆదివారాలు రాలేదు. ఫోనూ చేయలేదు. అయినా నేను కొత్తదాన్ని వదలలేదు. అది నాకు ఏ ద్రోహమూ చేయలేదు. నా కోపమంతా మనిషి మీదే. ఈ నాలుగు ముక్కలు టైపు చేస్తున్నదీ దాంట్లోనే, ఇది ఆయన పెట్టిన భిక్షే. అందుకే కోపం కూడా సరిగ్గా చేతకాలేదు నాకు.

దినాల రోజు వికారాబాద్ వెళ్లాను. శామియానా కింద భోజనం చేస్తుంటే, పక్క కుర్చీలోని పెద్దమనిషి నా వైపు తిరిగారు. రెవెన్యూలో చేసి రిటైరయ్యారట, సారుతో పొద్దున నడకకు వెళ్లేవారట.

"తాండూరు డీటీపీ మీరేనా?"

"అవునండి."

"రోజు మీ ముచ్చటే. మా వాడు పాతది తీసి పారేసిండు, దుకాణం మొత్తం దాని మీదనే నడుపుతున్నడు అని. మీ పేరు చెప్పే మాతోని గుడ తీపిచ్చిండు."

చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేశాను. నన్ను మోసం చేసింది చాలక, నన్ను చూపించి వీళ్లను కూడా దింపారా సారూ అనుకున్నాను. లేచి వెళ్లిపోదామనిపించింది. పెద్దమనిషి నీళ్ల గ్లాసు అందించి, తన మాట తాను చెప్పుకుంటూ పోతున్నారు.

"ఏమన్న పరేషాన్ అయితే మీరు చూస్తరా అని అడిగిన సారును. నన్ను నమ్మొద్దు, తాండూరు పోండ్రి అన్నడు. వాడు నాలెక్క గాదు, వాడు మాట మీద ఉంటడు అన్నడు."

ఆ మాట నాతో ఒక్కసారి అనుంటే సరిపోయేది. ఒక్క ఫోన్. నాకు చెప్పకుండా ఊరందరికీ చెప్పుకున్నారు. నన్ను అడగకుండా నన్ను అందరికీ పూచీ పెట్టి, తాను వెళ్లిపోయారు. ఇప్పుడు కాదనడానికి ఎవరి ముందు నిలబడాలి నేను?

పెద్దమనిషి కుర్చీ కింద నుంచి బ్యాగు తీశారు. "మనుమరాలి వీడియోలు తెరుసుకుంటలేవు. మీరొస్తరని తెచ్చిన" అన్నారు.

చెయ్యి కడుక్కుని వచ్చి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. శామియానా చిరుగులోంచి ఎండ పడి తెర మీద ఏమీ కనబడలేదు. ఆయన భుజం మీది తువ్వాల తీసి, రెండు చేతులతో తెరకు నీడ పట్టారు. వెనక వరసలో ఇంకో ఇద్దరు తమ లాప్‌టాప్ బ్యాగులు తీసుకుని, కుర్చీలు నా దగ్గరికి జరుపుకుంటున్నారు.