ముసలి కుక్కకు చెప్పుకున్న కబుర్లు

జగ్గయ్యపేటలో ఎవరో వదిలేసిన ముసలి కుక్కను, పెంచుకునేవాళ్లు దొరికేదాకా నా దగ్గర ఉంచుకున్నాను. పిలిస్తే పలక్కపోతే వయసు మీద పడ్డ బద్ధకం అనుకున్నాను. ఈ రోజు నందిగామ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ దాన్ని తీసుకెళ్లడానికి వచ్చారు. దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. అది కదల్లేదు.

“దీనికి వినపడదండీ. మీకు తెలీదా?”

“తెలీదండీ. రోజూ ఆఫీసు గొడవలన్నీ దీనికే చెప్పుకుంటున్నా.”

“పర్లేదులెండి. మా ఆయనకీ వినపడదు, నాకు అలవాటే,” అంటూ దాన్ని ఆటో ఎక్కించుకున్నారు.

సాయంత్రం పాలప్యాకెట్ తెచ్చుకుని, తాళం తీసి, ఎప్పటిలాగే “వచ్చేశా” అన్నాను. ఒంటరిగా ఉండేవాళ్లు చెప్పండి, ఖాళీ ఇంట్లోకి వస్తూ మీరూ ఇలాగే అంటారా?

వినపడకపోయినా అది తలెత్తి చూసేది.