పంకాల బ్యాచీలో నేను

ఇంటర్‌లో లెక్కలు తప్పాక రెండేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఉన్నానంటే కూర్చున్నానని కాదు. పొద్దున బర్రెల దగ్గర, పగలు పత్తి చేనులో, సాయంత్రం పొయ్యి ముందు. ఒకరోజు పంచాయతీ చెత్త ట్రాక్టరు మా వాడకు వచ్చింది. మైకులో తడి చెత్త, పొడి చెత్త సంగతి అయిపోయాక కొత్త మాట వినిపించింది. చదువు ఆగిపోయి ఖాళీగా ఉన్న యువతీయువకులకు మహబూబ్‌నగర్‌లో సర్కారు ఉచితంగా పని నేర్పిస్తుందట. తిండి, ఉండే జాగా కూడా ఇస్తుందట.

"ఖాళీగున్నోళ్లంటే నువ్వేనే," అంది వాకిట్లో బియ్యం చెరుగుతున్న అవ్వ, మా బాపు తల్లి.

"పత్తి ఏరి ఏరి చేతులేళ్లు పగులుతున్నయ్, నేను ఖాళీనా?"

"సర్కారు లెక్కల ఖాళీయే. పోయి నేర్చుకో."

బాపుకు నమ్మకం కుదరలేదు. "ఊకెనే బువ్వ పెట్టి పని నేర్పిస్తరా? ఏందో మతలబుంటది," అన్నాడు.

"అయితే నేనే పోయి చూసొస్త," అంది అవ్వ. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆమెను ఎవరూ ఆపలేకపోయారు. మర్నాడు ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని నాకంటే ముందే బస్సెక్కి కూర్చుంది.

శిక్షణ కేంద్రంలో నేను ఆఫీసు గది వెతుకుతుంటే ఆమె నేరుగా వంటగదిలోకి నడిచింది. పప్పు అరచేతిలో పోయించుకుని నాకి చూసింది. "చింతపులుసు మంచిగ పడ్డది. మనుషులు మంచోళ్లే," అని తేల్చేసింది.

ఆఫీసులో మేడం మర్యాదగా కూర్చోబెట్టింది. "ఆడపిల్లలు కుట్టు బ్యాచీలోనే చేరుతారమ్మా. పంకాలు, మోటార్ల బ్యాచీ ఉంది గానీ దాంట్లో అందరూ మగపిల్లలే."

"కుట్టేటోళ్లు మా వాడల మస్తుమంది ఉన్నరు మేడం. పంకా ఖరాబైతే బాగుచేసేటోడే లేడు. దీన్ని పంకాలల్ల ఎయ్యుర్రి."

నన్ను ఎవరూ అడగలేదు. కోపం రావాల్సిందే. కానీ పక్క గదిలో బల్ల మీద విప్పి పెట్టిన పంకా, దాని కడుపులో మెరుస్తున్న రాగి చుట్టలు అప్పటికే నా కంట పడ్డాయి. సరేనన్నాను. మా వెనక వరుసలో నిలబడ్డ షాద్‌నగర్ ముస్లిం అమ్మాయి ఇది విని, "మేడం, జర నన్ను గూడ గండ్లనే రాయండి, ఈమెకు తోడుంట," అంది. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకే గది.

రాగితీగ చుట్టేటప్పుడు మాట్లాడొద్దని పని నేర్పే సారు చెప్పేవాడు. మాట్లాడితే చుట్ల లెక్క తప్పుతుంది. మేమిద్దరం మాట్లాడకుండా ఉండలేకపోయేవాళ్లం. ఎన్నిసార్లు విప్పి మళ్లీ చుట్టామో!

సెలవుకు ఇంటికి వెళ్లేసరికి అవ్వ వాడంతా చాటింపు వేసి, ఎప్పుడో ఆగిపోయిన పక్కింటి పంకాను దింపించి పెట్టింది. మా ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు చుట్టూ చేరారు. విప్పాను, బాగుచేసి మళ్లీ పైకప్పుకు బిగించాను, స్విచ్చి వేశాను. పంకా తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కింద నిలబడ్డవాళ్లకు మాత్రం గాలి రాలేదు.

"పైకప్పుకు చెమట పట్టిందానే?" అంది అవ్వ. పంకా ఉల్టా తిరుగుతోంది! నవ్వులు ఆగే వరకు ఆగి, తారుమారైన తీగలు మార్చి మళ్లీ వేశాను. ఈసారి బాపు తువ్వాల రెపరెపలాడింది. ఆయన పంకా కిందనే తువ్వాల పరుచుకుని పడుకున్నాడు.

శిక్షణ ముగిశాక షాద్‌నగర్‌లో మోటార్లు చేసే కంపెనీలో మా ఇద్దరికీ పని దొరికింది. ఆ అమ్మాయి వాళ్లమ్మ తమ ఇంటి వెనక గది నాకిచ్చి, కిరాయి మాటెత్తితే కసురుకుంటుంది. పండక్కి ఇంటికి వెళ్తే నాకు నిద్ర దక్కదు. తెల్లారక ముందే అవ్వ లేపుతుంది. "లే బిడ్డా, సర్పంచోళ్ల మిక్సీ వచ్చింది."

"మిక్సీ నాకు రాదవ్వా."

"అండ్ల గూడ మోటరే ఉంటదట. నేనడిగిన," అంటూ చాయ్ గ్లాసు నా చేతిలో పెడుతుంది.