తారు కింది గుర్తు

షువైఖ్ మెకానిక్కుల వీధిలో అందరూ 'ఉస్తా' అని పిలిచే మేస్త్రీ గులూమ్ తన నీడను కూడా నమ్మడని చెప్పుకుంటారు. అందులో అబద్ధమేం లేదు. కొత్త బోల్టునైనా నాలుగుసార్లు తిప్పి చూసే రకం! ముప్పై ఏళ్లలో ఆయన చేతి నుంచి వెళ్లిన కారు ఒక్కటీ తిరిగి రాలేదంటే, ఆ కోడిగుడ్డుకు ఈకలు పీకే బుద్ధి వల్లనే. ఆ బుద్ధే చివరకు ఆయన కొంపా ముంచింది.

మిషారి అనే బ్యాంకు ఉద్యోగి వేగం మోజులో తన కారు ఇంజను కాల్చుకుని, దాని స్థానంలో ఆరు లీటర్ల ట్రక్కు ఇంజను బిగించమన్నాడు. పాత బళ్లు విప్పి అమ్మే దహ్హామ్ ఆ ఇంజను పంపాడు. దహ్హామ్ ఎడారి మనిషి, గులూమ్‌కు ముప్పై ఏళ్ల నేస్తం. అయితేనేం, ఇంజను చూడగానే గులూమ్ నొసలు ముడిపడింది. లీటర్లెన్నో అచ్చుపోసి ఉండే చోట వేలు మందాన తారు పూసి ఉంది. పైకి చూస్తే అయిదు లీటర్లదీ ఆరు లీటర్లదీ కవల పిల్లలే. ఆ అంకె ఒక్కటే సాక్షి.

'సాక్షి నోట్లోనే గుడ్డలు కుక్కాడే!' అనుకున్నాడు. అసలు నెల రోజులుగా ఇతగాడి వాలకం బాగాలేదు. ప్రతి గురువారం తెచ్చే ఒంటె పాలు మానేశాడు. ఇంకెవరి గుమ్మంలో పోస్తున్నాడో! ఇంజను చిన్నదని తేలితే వీధిలో పోయేది గులూమ్ పేరే.

సాయంత్రం దహ్హామ్ వచ్చాడు. గులూమ్ కాఫీ పోసిచ్చాడు. దహ్హామ్ కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టుకున్నాడు. ఎడారి వాళ్ల ఆచారంలో అలా పెట్టాడంటే ఏదో కోరబోతున్నాడనే. సరేననిపించుకునే దాకా ముట్టడు.

"అడుగు, బూ నాహిస్" అన్నాడు గులూమ్, నాహిస్ తండ్రీ అని కొడుకు పేరు మీద చనువుగా పిలుస్తూ.

"ఆ తారు గీకకు, ఉస్తా. ఉన్నదున్నట్టు బిగించెయ్."

"ఏం, ఎందుకట?"

"కారణం చెప్పుకునేదైతే కప్పెందుకు పెడతాను?"

ఎవరూ దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు చూశారా! అయినా ఎదురుగా కప్పు చల్లారుతోంది. "తాగు. మాటిచ్చాను" అన్నాడు గులూమ్.

ఇచ్చాడు గానీ, ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే షట్టరు సగం దించి, ఉలి పట్టుకుని కూర్చున్నాడు. తారు పెళ్లలుగా రాలింది. ఆరు! నిఖార్సయిన ఆరు లీటర్లు. హమ్మయ్య అనుకుని అక్కడితో ఆగాడా? పక్కన ఇంకాస్త తారుంది కదా, అదీ గీకాడు.

సుత్తితో కొట్టిన గుర్తు బయటపడింది. వంకీ కర్ర, దాని కింద ఒక చుక్క. దహ్హామ్ తాతల నాటి ఒంటె ముద్ర! అతని మంద మెడల మీదా, ఎడారిలో ఆ మందకు నీళ్లు మోసే ట్రక్కు మీదా ఉండేది అదే. ఆ ట్రక్కునే విప్పి అమ్మాడంటే, నీళ్లు తాగే మంద ఇక లేదన్నమాట. పాలు ఎందుకు ఆగాయో అప్పుడర్థమైంది. మంద అమ్ముకున్న సంగతి నలుగురికీ తెలియకూడదని ముసలాయన తారు పూసుకుంటే, తాను దొంగను పట్టబోయాడు. గులూమ్‌కు తల కొట్టేసినట్టయింది. గబగబా మళ్లీ తారు పూశాడు.

నాలుగో రోజు కారు గర్జించింది. "యా సలాం!" అని మిషారి గంతులేశాడు. చూడ్డానికి వచ్చిన దహ్హామ్ వంగి, ఇంజను పక్కన చెయ్యి పెట్టి తీశాడు. వేళ్లు నల్లబడ్డాయి.

"తారు ఇంకా ఆరలేదు, ఉస్తా," అన్నాడు మెల్లగా. కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు గులూమ్ దహ్హామ్ ఇంటికి వెళ్లాడు. దహ్హామ్ మర్యాదకు లోటు చెయ్యలేదు, కాఫీ పోసిచ్చాడు. గులూమ్ కప్పు తివాచీ మీద పెట్టి తల దించుకున్నాడు.

"తప్పయింది, బూ నాహిస్. క్షమించానను."

దహ్హామ్ ఆ కప్పును గులూమ్ వైపు జరిపాడు.

"తాగు, క్షమించాను," అన్నాడు దహ్హామ్. "భయపడకు. ఈ ఇంట్లో కప్పు దగ్గర ఇచ్చిన మాట తప్పరు."

గులూమ్ ఆ కాఫీ తాగాడు.