వెనక నిలబడే సారు

మా లెక్కల సారు పోయారని పోయిన నెల నేను పనిచేసే జిరాక్స్ షాపుకొచ్చిన ఒకాయన చెప్పాడు. కాగితాలు మిషన్లో పెట్టి, అవి అయ్యేదాకా ఊరికే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు దేనికైనా ముందు అలసటే వస్తోంది.

ఆలూరు హైస్కూల్లో మాకు పాఠాలు చెప్పిన సారు, రిటైరయ్యాక కూడా జేబులో సుద్దముక్క పెట్టుకునే తిరిగేవారు. డిగ్రీ చదివి ఈ షాపులో కూర్చున్నానని తెలిసి, ఒకరోజు ఫోన్ పట్టుకుని వచ్చారు.

"పాపా, యాడో విదేశం యూనివర్సిటీ అంట. కంప్యూటర్ పాఠాలు ఊరికే చెప్తాండారు. నేను చేరినాను, నువ్వూ చేరు."

చేరడానికేం, పదకొండు మందిమి చేరాం. ఆ ఇంగ్లీషు అందక, సిగ్నలు నిలవక, ఇంటిపని తెమలక ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి నేనూ సారూ మిగిలాం. ఆయన రెండు మాటలకోసారి వీడియో ఆపి తెలుగులో చెప్పేవారు. ఆయన నోటుపుస్తకంలో కుడి పేజీ పాఠానికి, ఎడమ పేజీ నా సందేహాలకు.

"వీడియో చెప్తాది పాపా, వినదు. అడిగేదానికి మనిషి ఉండాల" అనేవారు.

సర్టిఫికెట్ తెస్తే తీసుకుంటామని కర్నూలులో ఒక ఆఫీసువాళ్లు నాకు మాటిచ్చారు. ఆ ఆన్‌లైన్ పరీక్షను సారు ఇంట్లోనే రాశాను. గదిలో ఒక్కరే ఉండాలి, కెమెరా చూస్తుంటుందని ఆయనకు ముందే చెప్పాను. పాపం, కాసేపు బయట అరుగు మీదే కూర్చున్నారు. కానీ పరీక్షంటే బెంచీల మధ్య తిరిగి, పిల్లల వెనక నిలబడి చూడటం ఆయనకు జన్మలో పోని అలవాటు. వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఊఁ, రాయి పాపా" అన్నారు.

ఇంకొకరు కనిపించారని పరీక్ష రద్దయింది. ఆ ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది.

"మిమ్మల్నెవరు రమ్మన్యారు సార్?" అని అరిచాను.

"తప్పైపాయ పాపా. ఆర్నెల్లకు మళ్లా రాయొచ్చంట" అన్నారు నెమ్మదిగా. నేను మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సారు పోయిన పదకొండో రోజున వాళ్లింటికి వెళ్తే, ఆయన భార్య ఒక కొత్త నోటుపుస్తకం చేతికిచ్చారు.

"నీకోసరమే రాస్తాండె. నువ్వు రాకపోతివి."

మొదటి పాఠం నుంచి అన్నీ తిరగరాశారు. ఎడమ పేజీల్లో ఈసారి ఆయన సందేహాలున్నాయి. ఒక్కోదాని కింద "పాపను అడగాల" అని రాసుకున్నారు.

నిన్న షాపు మూసి మళ్లీ పరీక్షకు కూర్చున్నాను. కెమెరా గదంతా చూపించమంది. గోడ చూపించాను, మూసిన తలుపు చూపించాను, నా వెనక ఖాళీ చూపించాను.

అంతా సరిగ్గా ఉందని, మొదలుపెట్టమంది.